వాళ్ళమ్మకి ఎవరు చెబుతారు?

పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున, నరసరావుపేటలో, తన మంచం మీదే. నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ స్టూడియో మెట్లెక్కుతుంటే పెదనాన్న ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఎక్కడున్నావు? ముందు కూర్చో" అన్నాడు. మెట్టు మీదే కూర్చున్నాను. "మీ పెద్దమ్మ పోయిందమ్మా. ఇందాకే. నేను పక్కనే ఉన్నా. చెయ్యి నా చేతిలోనే ఉంది" అన్నాడు. సీరియస్‌గా ఉందనీ, ఒకసారి వచ్చి చూసిపొమ్మనీ చుట్టూ తిప్పి చెప్పలేదు. అలా తిన్నగా చెప్పడం ఆయనకు పెద్దమ్మే నేర్పింది. ఎందుకు నేర్పిందో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి. ఆమె కొడుకు గురించి చెప్పాలి. మా ఇంట్లో అందరూ 'ఓడ' అని పిలిచే ఒక టీవీ సీరియల్ గురించి కూడా చెప్పాలి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పేటలో ఒక స్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. మాది ముప్పాళ్ళ. ఇంటర్ నుంచి డిగ్రీ అయ్యేదాకా నేను ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. స్కూల్లో ఆమె పాఠం ఎలా చెప్పేదో నాకు తెలియదు. నాకు తెలిసిన పెద్దమ్మ ఆదివారం పూట చర్చి వెనక రేకుల షెడ్డులో చిన్నపిల్లలకు కథలు చెప్పే పెద్దమ్మ. కథలో వరద నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయనగానే ఆగిపోయేది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునేది. తుడవడానికి దాని మీద మరకేమీ ఉండేది కాదు. పిల్లల్లో ఎవరో ఒకరు తట్టుకోలేక "తర్వాతేమైంది టీచర్?" అని అరిచేదాకా అలా తుడుస్తూనే ఉండేది. ఎవరూ అరవకపోతే కళ్ళజోడు పెట్టుకుని, "ఇయ్యాల కథ నా చేతిలో చచ్చిపోయింది. రండి, పాటలు పాడుకుందాం" అనేది. తప్పు పిల్లల మీదికి ఎప్పుడూ నెట్టలేదు.

"కథలో అబద్ధం ఉండొచ్చే, మోసం ఉండకూడదు" అనేది నాతో. ఆ రెంటికీ తేడా ఏమిటో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

ఆమెకు ఒక్కడే కొడుకు. నాకు తమ్ముడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివేవాడు. కాలేజీ నుంచి రావడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం. చూసేది ఇంగ్లీషు సీరియల్. భూమి నుంచి బయల్దేరి దారి తప్పిన ఒక అంతరిక్ష నౌక, అందులోని మనుషులు, వాళ్ళు దిగే గ్రహాలు, ఇంటికి దారి వెతుక్కోవడం, అదీ కథ. వాడు ఒక్కడే కూర్చుని నవ్వేవాడు, ఒక్కోసారి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. పెద్దమ్మ పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, "ఏందిరా ఒక్కడివే నవ్వుకుంటన్నావు? మాక్కూడా చెప్పరాదూ?" అనేది. "నీకు చెప్పినా అర్థం కాదులే అమ్మా" అనేవాడు స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా. ఇంగ్లీషు పేపరు చదివే మనిషే గానీ, ఆ యాసా ఆ వేగమూ ఆమెకు అందేవి కావు. కాసేపు నిలబడి చూసేది. చీకట్లో ఒక ఓడ కదిలేది. తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

సత్తెనపల్లి రోడ్డు మీద మిరప బస్తాలు వేసుకొస్తున్న లారీ కింద పడి వాడు చనిపోయాడు.

ఆ రోజు పెద్దమ్మ స్కూల్లో ఉంది. బజారులోని వాళ్ళు ముగ్గురు ఆటో కట్టించుకుని వెళ్ళారు. "అబ్బాయి బండి మీద నుంచి పడ్డాడంట, చిన్న దెబ్బేనంట" అన్నారొకరు. కాలు విరిగిందన్నారు ఇంకొకరు. ఆటో ఎక్కాక మూడో ఆయన, కళ్ళు తిరిగి పడ్డాడంతే, గ్లూకోజ్ పెట్టారని చెప్పాడు. పెద్దమ్మ ముగ్గురి మాటలూ విని ముగ్గురికీ తలూపింది. స్టేషన్ రోడ్డు మలుపు దగ్గరకొచ్చాక ఆటో ఆసుపత్రి వైపు తిరగలేదు, ఇంటి వైపు తిరిగింది.

"అప్పుడు తెలిసిందే నాకు" అని చాన్నాళ్ళ తర్వాత చెప్పింది నాతో. "ఆటో హ్యాండిలు చెప్పింది. మనుషులు చెప్పలా. దారి పొడుగునా జనం లేచి నిలబడి చూస్తన్నారు. సోడా బండాయనకు తెలుసు, ఇస్త్రీ పెట్టె ఆమెకు తెలుసు. బజారు మొత్తానికి తెలుసు, కన్నదానికి తెలియదు." మళ్ళీ తనే, "వాళ్ళేం చెడ్డోళ్ళు కాదే. పాపం, చెప్పడం చేతగాలేదు" అంది.

దినాలన్నీ అయ్యాక ఆమె ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి చెప్పింది ఒకటే. "ఇక మీదట ఎవరికి ఏమైనా సరే, చెప్పాల్సినోళ్ళని కూర్చోబెట్టి ముఖం చూసి చెప్పండి. ఫోనైతే కూర్చోమని చెప్పండి. దారి పొడుగునా కథలు అల్లొద్దు." ఆ తర్వాత షెడ్డులో పిల్లలకు కథలు చెప్పడం మానేసింది. చర్చికి వెళ్ళేది, వెనక బల్ల మీద కూర్చునేది, వచ్చేసేది. పిల్లలు కొన్నాళ్ళు ఆమె చుట్టూ మూగారు, తర్వాత వాళ్ళూ అలవాటు పడ్డారు.

నేను హైదరాబాద్ వచ్చి డబ్బింగ్ మాటలు రాసే పనిలో పడ్డాను. ఇంగ్లీషులో పెదవులు ఎలా కదిలితే అలా కదిలే తెలుగు మాటలు వెతకడం నా పని. రెండేళ్ళ కిందట ఒక ఛానెల్ వాళ్ళు తమ్ముడు చూసే ఆ సీరియల్‌ను తెలుగులోకి తెస్తున్నారని తెలిసింది. వెళ్ళి అడిగి మరీ ఆ పని తీసుకున్నాను. పెద్దమ్మకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించి, చివరికి పేట వెళ్ళి, ఆమె పద్ధతిలోనే ఎదురుగా కూర్చుని చెప్పాను.

ఆమె, "అంతా తెలుగులో వచ్చిద్దా?" అంది.

"అంతా తెలుగులోనే."

"అయితే వాడు దేనికి నవ్వేవాడో తెలిసిద్ది" అంది.

మొదటి భాగం వచ్చిన ఆదివారం నేను పేటలోనే ఉన్నాను. చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. పెదనాన్న వరండాలో పేపరు పట్టుకున్నాడు. ఆ గంటసేపూ ఆయన పేజీ తిప్పిన చప్పుడు నాకు వినిపించలేదు. ఓడ బయల్దేరింది, తుఫానులో చిక్కుకుంది, దారి తప్పింది. నేను టీవీ చూడలేదు, పెద్దమ్మ ముఖాన్నే చూశాను. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. ప్రకటనలు రాగానే ఆమె నా వైపు తిరిగింది.

"ఇంతమంది ఉన్నారు గదా, వంటిల్లు ఏదే?"

"చూపించరు పెద్దమ్మా. ఏవో బిళ్ళలు మింగుతారు."

"మరి ఇంటి మీద బెంగ ఎట్టా పుట్టిద్ది? మనిషికి ఇల్లు ముందు గుర్తొచ్చేది నాలిక మీదే గదా. ఒక్కడన్నా మా అమ్మ పచ్చడి అనడేంది?"

అలా మొదలైంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సీరియల్ అయిపోగానే నాకు ఫోన్ వచ్చేది. పెద్దమ్మ గొంతులో ఎన్నో ఏళ్ళుగా లేని పదును ఉండేది. ఓడ దిగిన ప్రతి గ్రహాన్నీ ఆమె 'ఊరు' అనేది. "ఈ ఊరోళ్ళు కూడా తెలుగే మాట్లాడతన్నారేందే?" అంటే, దానికి కారణం నేనేనని ఒప్పుకునేదాన్ని. "సరే, అది వదిలెయ్. వీళ్ళు దిగారు, కాల్చారు, కూల్చారు, ఓడెక్కి పోయారు. ఆ కూలిన ఇళ్ళు ఎవరు కట్టిస్తారు? మళ్ళీ ఒక్క వారమన్నా ఆ ఊరు సంగతి ఎత్తారా?" అని నిలదీసేది.

ఒక భాగంలో ఓడ పేలిపోబోతుంటే చివరి నిమిషంలో డాక్టరు అలమారలోంచి ఒక పరికరం తీసి అందరినీ కాపాడాడు. పెద్దమ్మ ఆ రోజు నిజంగా కోపంగా ఉంది. "ఈ మిషను ముందు వారం ఎక్కడ పెట్టారే? గొర్రెలు కాసే పిల్లోడు రాయితో రాక్షసుణ్ణి కొట్టిన కథ చెప్పేటప్పుడు, వాడి దగ్గర వడిసెల ఉందని నేను ముందే చెప్పేదాన్ని. పిల్లలు మర్చిపోయేటట్టు చెప్పేదాన్ని, గానీ చెప్పేదాన్ని. ఇది అబద్ధం కాదే, మోసం." ఫోన్ ఇవతల నేను నవ్వాను. చాన్నాళ్ళ కిందటి ఆ మాటకు అర్థం అప్పుడు తెలిసింది నాకు.

ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది మాత్రం బూడిదరంగు చొక్కాలవాళ్ళు. ఓడలో పెద్దవాళ్ళంతా నీలం చొక్కాలు వేసుకుంటారు. వాళ్ళకు పేర్లుంటాయి, ప్రేమలుంటాయి, గాయాలు మానతాయి. వాళ్ళ వెనక నడిచే కుర్రవాళ్ళవి బూడిదరంగు చొక్కాలు. కొత్త గ్రహం మీద ముందు అడుగు వేసేది వాళ్ళే, ముందు చచ్చిపోయేదీ వాళ్ళే. తర్వాతి సీనులో నీలం చొక్కాలవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని జోకులు వేసుకుంటారు. కథలు రాసేవాళ్ళు ప్రమాదం ఎంత పెద్దదో చూపించడానికి ఇలా చేస్తారని నేను చెప్పబోయాను.

"అది నాకు తెలుసులే" అంది పెద్దమ్మ. "ఆ పిల్లోడు పడ్డాడు గదా. వాళ్ళమ్మకి ఎవరు చెబుతారు?"

ఆ తర్వాత ప్రతి వారం అదే ప్రశ్న. ఎవరో ఒక కుర్రవాడు పడిపోతాడు, మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది. "ఇయ్యాల పోయినోడికి ఇంకా మీసాలే రాలేదే. వాళ్ళమ్మకి ఎవరు చెబుతారు?"

డబ్బింగ్‌లో ఒక వెసులుబాటు ఉంది. పెదవులు కనిపిస్తున్నంతసేపూ వాటికి లోబడి రాయాలి. పాత్ర వీపు తిప్పి నిలబడితే మాత్రం నోరు కనిపించదు, అక్కడ ఒక మాట పెట్టినా పట్టేవాళ్ళుండరు. రెండో సీజన్లో అలాంటి సీను ఒకటి దొరికింది. కుర్రవాడి శవాన్ని పక్క గదిలోకి తీసుకుపోతారు. కెప్టెన్ కిటికీ వైపు తిరిగి, మనకు వీపు పెట్టి, చుక్కల్ని చూస్తూ నిలబడతాడు. ఇంగ్లీషులో అక్కడ సంగీతం తప్ప మాటల్లేవు. నేను పెద్దమ్మకు ఫోన్ చేశాను. "ఆ అబ్బాయికి పేరు లేదు పెద్దమ్మా. కెప్టెన్ చేత పేరు పెట్టి పిలిపించొచ్చు. తమ్ముడి పేరు పెట్టనా?"

"వద్దు" అంది వెంటనే. "మా వాడి పేరు పెట్టొద్దే. వాణ్ణి ఇంకోసారి పోగొట్టుకోలేను."

పేరు పెట్టలేదు. ఆమె మాట పెట్టాను. కెప్టెన్‌కు గొంతు ఇచ్చే ఆయన వయసు మళ్ళిన నటుడు. కాగితం చూసి, "ఒరిజినల్లో ఇక్కడ ఏమీ లేదుగా అమ్మా?" అన్నాడు. వీపే కదా సార్ కనిపించేది, అన్నాను. మొదటిసారి కెప్టెన్‌లా గంభీరంగా అన్నాడు. ఏమనుకున్నాడో, తనే ఆగి, "ఇంకొకటి చేద్దాం" అని, ఈసారి మైకుకు కూడా వినపడకూడదన్నట్టుగా అన్నాడు. "వాళ్ళమ్మకి ఎవరు చెబుతారు?"

అది ప్రసారమైన ఆదివారం ఫోన్ ఆలస్యంగా వచ్చింది. "ఇయ్యాల ఆ కెప్టెన్ ఒక మాటన్నాడు, విన్నావా?" అంది పెద్దమ్మ.

"అది నేను..."

"నువ్వెందుకు? అన్నది ఆయన" అంది. "ఇన్నాళ్ళకి ఒక్క చోట కథ తిన్నగా చెప్పారు. మెల్లగా అన్నాడే. గట్టిగా అంటే పాడైపోయేది." ఆ సీను రాగానే ఆమె లేచి దొడ్లోకి వెళ్ళి, ఆరిన బట్టల్ని మళ్ళీ దులిపి ఆరేసిందని తర్వాత పెదనాన్న చెప్పాడు.

ఆ సీజన్ చివర్లో కెప్టెన్ చనిపోయాడు. ఓడను కాపాడటానికి మండుతున్న గదిలోకి వెళ్ళి తలుపు లోపలి నుంచి వేసుకున్నాడు. పెద్దమ్మ ఏ వంకా పెట్టలేదు. "బాగా పోయాడు" అంది. మూడో సీజన్ మొదట్లోనే అతన్ని బతికించారు. అతని జ్ఞాపకాలన్నీ ఒక యంత్రంలో దాచి ఉన్నాయట, కొత్త శరీరం తయారైందట. గాజు తలుపు తెరుచుకుని కెప్టెన్ నవ్వుతూ బయటకు వచ్చాడు. పెద్దమ్మ టీవీ కట్టేసింది. ఫోన్ కూడా చేయలేదు. నేనే చేస్తే, "చచ్చినోడు ఊరికే లేచొస్తే, ఏడ్చినోళ్ళ ఏడుపుకి మర్యాద ఏముందే?" అని పెట్టేసింది.

ఆ వారం పాస్టరుగారు ఇంటికొస్తే ఆయన దగ్గర కూడా ఈ గోడు చెప్పుకుందట. ఆయన నవ్వి, "అదేందమ్మా, చనిపోయి లేవడమే గదా మన నమ్మకం. మీరే కాదంటే ఎట్టా?" అన్నాడట. "అయ్యగారూ, ఆ లేచినాయన చేతుల్లో గాయాలున్నాయి. వీడికి చొక్కా కూడా నలగలా" అంది పెద్దమ్మ. ఈ మాట పాస్టరుగారే ఆమె సమాధి దగ్గర అందరికీ చెప్పాడు. జనం ఏడుస్తూనే నవ్వారు.

కొన్ని వారాలు ఆమె ఓడ చూడలేదు. ఇక చూడదేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గొంతు వేరుగా ఉంది.

"అమ్మాయ్, ఆ కెప్టెన్ బతికొచ్చిన భాగం, మన వాడు చూసే ఉంటాడు గదా?"

"చూసే ఉంటాడు పెద్దమ్మా. చివరి సీజన్ ఒక్కటే వాడు చూడనిది. అది వాడు పోయాక వచ్చింది."

"ఒకరోజు నేను చేపలు కడగతన్నా. వాడు గదిలోంచి పరిగెత్తుకుంటా వచ్చి నన్ను నడుం పట్టుకుని పైకెత్తాడే. చేతులు నీచురా, దింపరా అంటన్నా. వచ్చాడమ్మా, చావలేదమ్మా, బతికే ఉన్నాడమ్మా అని ఒకటే అరుపు. ఎవర్రా అంటే, నీకు తెలియదులే అని గిరగిరా తిప్పి దించి పోయాడు. ఇన్నేళ్ళూ అనుకుంటన్నా, ఎవరి గురించి అన్నాడో అని. ఇప్పుడు తెలిసింది."

నేను రాస్తున్న కాగితం పక్కన పెట్టాను.

"కథగా చూస్తే అది తప్పే" అంది పెద్దమ్మ. "ఆ మాట ఎప్పుడైనా అంటా. గానీ మా వాడు ఆ తప్పుకి ఎంత సంతోషపడ్డాడో నా నడుముకి తెలుసు. పోనీలే, బతకనీ వాణ్ణి." ఆ వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. వంకలు మానలేదు. కెప్టెన్ కనిపించినప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు.

కడుపులో నొప్పి అని ఈ వేసవిలో గుంటూరు తీసుకెళ్ళారు. గడ్డ కాలేయం దాకా పాకిందన్నారు. డాక్టరు పెదనాన్ననూ నన్నూ వరండాలోకి పిలిచి చెప్పబోతే, పెద్దమ్మ మంచం మీద నుంచే పిలిచింది. "బాబూ, కథ నాది. నా ముందు చెప్పు." ఆ కుర్ర డాక్టరు లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని, ఆమె ముఖం చూస్తూ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె అతని చేతి మీద తట్టి, "బాగా చెప్పావు నాయనా. ఎవరూ ఇంత బాగా చెప్పరు" అంది. అతను బయటకు వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆమెను ఇంటికి తీసుకొచ్చేశారు. ఆఖరి సీజన్ కాగితాలు అప్పటికే నా దగ్గరకు వచ్చాయి. టీవీలో రావడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉంటే, గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి నా వైపు తిరిగింది.

"ఆఖర్న ఏమైందే? ఓడ ఇంటికి చేరిందా?"

"ఇప్పుడెందుకు పెద్దమ్మా, చూద్దువుగాని."

"నాకు అబద్ధం చెప్పొద్దు. నేను చూడను. నువ్వు చెప్పు." కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "వాడూ చూడలేదన్నావు గదా. అక్కడికి పోగానే మా వాడు మొదట అడిగేది అదే. అమ్మా, ఓడ ఏమైంది అంటాడు. ఏం చెప్పను?"

చెప్పాను. ఓడ భూమి దగ్గరికి వస్తుంది. నీలంగా భూమి కనిపిస్తుంది. అందరూ కిటికీల దగ్గరికి చేరతారు. తెర నిండా ఒక పెద్ద తెల్లటి వెలుగు వస్తుంది. అంతటితో అయిపోతుంది. చేరారో లేదో తెలియదు.

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"చేతగాక వదిలేశారు" అంది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. నీళ్ళు తాగించాను. దిండు ఎత్తుగా పెట్టమంది. అప్పుడు ఆమె గొంతు, షెడ్డులో పిల్లల ముందు ఉండే గొంతు, చాలా సన్నగా వినిపించింది.

"ఓడ వచ్చేటప్పుడు ఓడని చూపించకూడదే. ఇంటి దగ్గరోళ్ళని చూపించాలి. వాళ్ళేం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తా ఉండరు. అట్టా ఎన్నాళ్ళు నిలబడతారు? ఎవరి పనిలో వాళ్ళుంటారు. ఒకామె బియ్యంలో రాళ్ళు ఏరతా ఉంటది. ఆమెకి ఏమీ తెలియదు. కుక్కర్ కూత వేసిద్ది. లేవబోద్ది. అప్పుడు..."

ఆగింది. చెయ్యి కళ్ళజోడు కోసం మంచం మీద తడిమింది. అది బీరువాలో ఉంది.

"తర్వాత?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"అప్పుడు గేటు చప్పుడవుద్ది" అంది పెద్దమ్మ. "అంతే. ఇంక చూపించక్కర్లా." కాసేపటికి మళ్ళీ, "వాడికి ఇట్టా చెబుతాలే. వాళ్ళు చెప్పింది చెప్పను" అని కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆమె ముఖంలో కనిపించిన నెమ్మది, తమ్ముడు పోయాక నేను ఎన్నడూ చూడలేదు. నేను ఆమె మాటలు కలకాలం గుర్తుండాలని మనసులో పదే పదే అనుకుంటూ కూర్చున్నాను. ఆమె అప్పటికే నిద్రపోయింది.

అవే ఆమె నాతో తిన్నగా మాట్లాడిన ఆఖరి మాటలు. ఆ తర్వాత మందుల మత్తులో అక్కడొకటి ఇక్కడొకటి. నేను పని మీద హైదరాబాద్ వెళ్ళిన మూడో నాడు పెదనాన్న ఫోన్.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు నా ఫోన్ మోగదు. ఆఖరి సీజన్ రాస్తున్నాను. వీపులు కనిపించే చోట్లు చాలా ఉన్నాయి. ఏ మాట పెట్టాలో అడుగుదామంటే అడగడానికి మనిషి లేదు. ఈ బాధకు పేరు పెట్టి పెద్దది చేస్తే ఆమెకు నచ్చదు. మెల్లగా చెప్పమంటుంది. అందుకే ఇంతకంటే చెప్పను.

ఆమెను తమ్ముడి పక్కనే పెట్టారు. ఆ చోటు ఎప్పుడో తనే చెప్పి ఉంచింది. షెడ్డులో కథలు విన్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ముప్పాళ్ళ నుంచి, ఎడ్లపాడు నుంచి చుట్టాలు వచ్చారు. పాట అయింది, ప్రార్థన అయింది, తలా ఒక పిడికెడు మట్టి వేశారు. నల్లమట్టి, గడ్డలు గడ్డలుగా. జనం ఒక్కొక్కరే గేటు దాటి ఆటోలెక్కారు. పెదనాన్నను తీసుకురావడానికి నేను వెనక్కి వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది, చుట్టుపక్కల చెట్టు నీడ లేదు. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి, కొత్త మట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. దులిపాడు. తల వైపున మట్టి మీద దాన్ని మెల్లగా పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు గడ్డలు పెట్టాడు. పెట్టి, ఎండ ఇంకా ఎక్కడ పడుతోందో అని తల వంచి చూస్తున్నాడు.